నల్గొండ యాసల 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్: అంతర్జాతీయ ఫెస్టివల్ పోటీలకు ఏ వరుసల పంపాలె?

దేవరకొండ_ఫ్రేమ్

అన్నలకు, అక్కలకు నమస్తే. డిండి వాగు పక్క పల్లెలల్ల తీసిన ఒక కథా చిత్రం ఎడిటింగ్ అయిపోయింది. చివర పేర్లతో కలిపి 18 నిమిషాల 10 సెకన్లు. మేకల మంద కాసే తాత, పదేండ్ల మనుమరాలు, ఊర్లకెల్లి వలస. మాటలన్నీ మన యాసనే. చివర్ల నిమిషంన్నర ఒగ్గు పాట ఉంటది, నడుమ పెండ్లి బరాత్ సీన్ల డీజే మీద సినిమా పాట ఒకటి వినపడతది.

టెక్నికల్‌గ: సెకనుకు 25 ఫ్రేములు, 1920×1080 టైమ్‌లైన్ మీద పైన కింద నల్ల పట్టీలు పెట్టి స్కోప్ (వెడల్పు తెర) లెక్క చేసినం. సౌండ్ స్టీరియో. సబ్‌టైటిల్స్ కాలే, సెన్సార్ కాలే. చేతిల 25 వేలు మిగిలినయి.

గోవా ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం) పోటీకి ఇది పోతదా? ముందు యూట్యూబ్‌ల పెట్టి పేరు తెచ్చుకొని తర్వాత ఫెస్టివల్స్‌కు పంపొచ్చా? ఫెస్టివల్స్‌కు సినిమాలు పంపే వెబ్‌సైట్ ఫిల్మ్‌ఫ్రీవేల ఖాతా తెరిచిన వారానికే "మీ సినిమా మా అవార్డుకు సరిపోతది, 70 శాతం డిస్కౌంట్" అని మెయిళ్ళు వస్తున్నయి, పంపాల్నా? థియేటర్ల ఆడించెతందుకు డీసీపీ కావాలె అంటున్నరు, దానికి ఏం చెయ్యాలె? ఒక్కొక్కటి తెలిసినోళ్ళు చెప్పండ్రి.

మూసీ_గట్టు

తమ్మీ, యూట్యూబ్‌ల పెట్టకు. అన్నిటికన్న ముందు ఇదే పట్టుకో. ఒక్క రోజు పబ్లిక్‌గ ఉన్నా ప్రీమియర్, అంటే మొదటి పబ్లిక్ షో, పోయినట్టే. తర్వాత తీసేసినా ఆ ఒక్క రోజు లెక్కల ఉంటది. ఫేస్‌బుక్, ఇన్‌స్టా కూడ అంతే. ట్రైలర్, పోస్టర్ పెట్టుకో, ఫర్వాలేదు.

ప్రీమియర్‌ల మెట్లున్నయి. లోకంల ఎక్కడా ఆడకపోతే వరల్డ్ ప్రీమియర్. మన దేశంల ఆడి బయట ఆడకపోతే ఇంటర్నేషనల్ ప్రీమియర్ ఇంకా చేతిల ఉన్నట్టే. బయట ఆడి ఇక్కడ ఆడకపోతే ఇండియా ప్రీమియర్. వెనిస్ షార్ట్ పోటీకి వరల్డ్ ప్రీమియరే కావాలె. బెర్లిన్ షార్ట్స్‌కు వరల్డో ఇంటర్నేషనలో ఉంటే మంచిది. ఫ్రాన్స్‌ల క్లెర్మాన్-ఫెరాన్ షార్ట్ ఫిల్మ్‌లకు చాలా పెద్ద పండుగ, అది ప్రీమియర్ పట్టింపు పెట్టుకోదు. అందుకే పట్టింపు ఉన్నోళ్ళకు ముందు పంపి, లేనోళ్ళకు తర్వాత పంపాలె. తిప్పి చేస్తే తలుపులు మూసుకుంటయి. ఊర్ల స్కూల్ల ఉచిత షో వేసినా కొందరు దాన్ని పబ్లిక్ షో కిందనే లెక్క కడతరు. టీం వరకు చూసుకుంటే ఏం కాదు.

నిడివి లెక్క ఇంకోటి. కాన్ షార్ట్ పోటీకి పేర్లతో కలిపి 15 నిమిషాలే. నీది అక్కడ పోదు. వెనిస్ ఒరిజోంటి షార్ట్స్‌కు 20, బెర్లిన్ షార్ట్స్‌కు 30, ఓబర్‌హౌజెన్ అంతర్జాతీయ పోటీకి 35. ఆస్కార్ షార్ట్ విభాగం 40 నిమిషాల దాకా. ఆస్కార్‌కు పోవాల్నంటే వాళ్ళు గుర్తించిన ఫెస్టివల్‌ల నిర్ణీత అవార్డు గెలవడం ఒక తొవ్వ. మన దగ్గర బెంగళూరు అంతర్జాతీయ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, తిరువనంతపురంల డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్‌ల పండుగ ఐడీఎస్‌ఎఫ్‌ఎఫ్‌కే ఆ జాబితాల ఉన్నయి. అర్హత రాకముందే ఆన్‌లైన్‌ల పెట్టినవు అంటే ఆ తొవ్వ కూడ బంద్.

ఇగ గోవా. ఇఫీ 1952ల బొంబాయిల మొదలైంది, 2004 నుంచి గోవాల జరుగుతుంది, నవంబరు నెలల. ప్రపంచ నిర్మాతల సంఘాల సమాఖ్య ఫియాప్ఫ్ పోటీ ఫెస్టివల్‌గ గుర్తించిన వాటిల అదొకటి. గోల్డెన్ పీకాక్ పోటీ ఫీచర్, అంటే పూర్తి నిడివి సినిమాలకు, సుమారు 15 సినిమాలు ఉంటయి. ఉత్తమ చిత్రానికి 40 లక్షలు, దర్శకుడు నిర్మాత పంచుకుంటరు. ఉత్తమ దర్శకుడికి సిల్వర్ పీకాక్‌తో 15 లక్షలు. నీది షార్ట్ కాబట్టి ఆ పోటీల ఉండదు. నీకు ఉన్న తలుపు మన దేశం సినిమాలకు పెట్టిన ఇండియన్ పనోరమ, అందుల నాన్-ఫీచర్ విభాగం. 70 నిమిషాల లోపువి అందుల వస్తయి, మొత్తం 20 దాకా తీసుకుంటరు. దరఖాస్తులు మామూలుగ వానకాలంలనే అడుగుతరు, నవంబరు దాకా ఆగితే గడువు దాటిపోతది. కేరళ అంతర్జాతీయ ఫెస్టివల్ ఐఎఫ్‌ఎఫ్‌కేల పెద్ద అవార్డు సువర్ణ చకోరం 20 లక్షలు కూడ ఫీచర్లకే, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సినిమాల నడుమ పోటీ. ముంబై మిఫ్ మాత్రం డాక్యుమెంటరీ, షార్ట్, యానిమేషన్ పండుగనే. సరి సంఖ్య సంవత్సరాలల్ల జరుగుతది, బంగారు శంఖం ఇస్తరు. నీ సినిమాకు గోవా కన్న అది దగ్గరి చుట్టం.

యాస గురించి భయపడకు. తెలంగాణ పల్లె మీద శ్యామ్ బెనెగల్ తీసిన అంకుర్ 1974ల బెర్లిన్ పోటీల ఆడింది, నిశాంత్ 1976ల కాన్ పోటీల ఆడింది. 2021ల రాటర్‌డామ్‌ల టైగర్ అవార్డు గెలిచింది ఎండకు మాడిన మదురై పక్క పల్లెల తీసిన తమిళ సినిమా. యాస ఎంత గట్టిదైతే అంత గట్టిగ నిలబడతది, కాని సబ్‌టైటిల్ సరిగ్గ ఉండాలె. దాని గురించి సూర్యాపేట అక్క చెప్పాలె.

పాలమూరు_టైమ్‌లైన్

డీసీపీ సంగతి నేను చెప్తాను.

డీసీపీ అంటే థియేటర్ సర్వర్ చదివే ఫోల్డర్. బొమ్మ ఒక ఫైల్, శబ్దం ఒక ఫైల్, వాటి వివరాలు రాసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్ళు కొన్ని. బొమ్మ ప్రతి ఫ్రేమూ జేపెగ్ 2000లో, ఎక్స్‌వైజెడ్ రంగుల్లో ఉంటుంది, సెకనుకు 250 మెగాబిట్లు దాటకూడదు. శబ్దం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. డీసీపీ-ఓ-మేటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే అవుతుంది, ల్యాబ్‌కు ఇవ్వక్కర్లేదు. 25 వేలల్లో దీనికి ఖర్చు ఒక హార్డ్ డిస్కు మాత్రమే. గరిష్ఠ రేటులో చేసినా మీ సినిమా 37 జీబీ దాటదు.

మీ దాంట్లో మూడు చోట్ల తేడా వస్తుంది.

మొదటిది ఫ్రేముల లెక్క. థియేటర్ ప్రామాణికం 24. మీది 25. ఈ రెంటినీ కలపడానికి ఫ్రేములు వదిలేసే పద్ధతి ఎన్నుకుంటే సెకనుకొక ఫ్రేము మాయమై, మంద నడిచే షాట్లలో, కెమెరా పక్కకు తిరిగే షాట్లలో సెకనుకోసారి చిన్న కుదుపు కనిపిస్తుంది. అట్లా కాకుండా ప్రతి ఫ్రేమూ ఉంచి మొత్తాన్ని 24 వేగంతో నడపండి. సినిమా 4 శాతం నెమ్మదిస్తుంది, 18:10 కాస్తా 18:55 అవుతుంది. కంటికి తెలియదు. చెవికి తెలుస్తుంది: గొంతు కొద్దిగా బరువెక్కుతుంది. పిచ్ సరిచేసే ఆప్షన్‌తో శబ్దాన్ని విడిగా సాగదీసి, ఒగ్గు పాట దగ్గర ప్రత్యేకంగా వినండి. డోలు దెబ్బ అంచు మెత్తబడితే అల్గారిదం మార్చాలి. దరఖాస్తులో నిడివి 18:55 అనే రాయండి, వెనిస్ 20 నిమిషాల్లోనే ఉంటుంది.

రెండవది నల్ల పట్టీలు. టైమ్‌లైన్‌లో పట్టీలు పెట్టి అట్లాగే ఫ్లాట్ (స్కోప్ కన్నా తక్కువ వెడల్పు ఆకారం) డీసీపీ చేస్తే, స్కోప్ తెర ఉన్న హాల్లో బొమ్మ నాలుగు వైపులా నలుపుతో తపాలా బిళ్ళ అంత అవుతుంది. పట్టీలు కోసేయండి. 1920 వెడల్పులో అసలు బొమ్మ ఎత్తు సుమారు 804. దాన్ని 2048×858కి పెంచి స్కోప్ డీసీపీ చేయండి. ఒకవేళ పట్టీలు లేకుండా పూర్తి 1080 వాడుకుంటే ఫ్లాట్‌లో 1998×1080, అప్పుడు చెరో పక్క 39 పిక్సెళ్ళ సన్నని నలుపు మిగులుతుంది, ఎవరూ పట్టించుకోరు. ముఖ్యంగా సబ్‌టైటిల్ నల్ల పట్టీలో పెట్టవద్దు. స్కోప్ తెరకు మాస్కింగ్ (తెర అంచులు మూసే నల్ల గుడ్డ) దించితే ఆ అక్షరాలు గుడ్డ మీద పడతాయి.

మూడవది సౌండ్, ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. స్టీరియోను ఎడమ కుడి స్పీకర్లలో పెట్టి వదిలేస్తే, పెద్ద హాల్లో పక్క సీటులో కూచున్నవాడికి తాత గొంతు తెర మధ్య నుంచి రాదు, తన దగ్గరి గోడ నుంచి వస్తుంది. మాటల ట్రాకు విడిగా ఉంటే దాన్ని సెంటర్ చానల్‌కు వేయండి, సంగీతం, వాతావరణం ఎడమ కుడికి. ఇది పూర్తి 5.1 మిక్స్ కాకపోయినా మాట తెరకు అతుక్కుంటుంది.

శబ్దం స్థాయి కూడా. ఫోన్ కోసం, యూట్యూబ్ కోసం కొట్టిన మిక్స్ లౌడ్‌నెస్ (సగటు బిగ్గరతనం, ఎల్‌యూఎఫ్‌ఎస్ కొలతలో) -14 దగ్గర ఉంటుంది. థియేటర్‌లో ఫేడర్ (వాల్యూమ్ మీట) మామూలు స్థాయి 7 మీద ఉంటే అది చెవులు చిల్లులు పొడుస్తుంది. ఆపరేటర్ వెంటనే 4కి దించుతాడు. అప్పుడు బరాత్ సీన్ సరిపోతుంది, ఆ వెంటనే వచ్చే తాత గొణుగుడు మాయమవుతుంది. మాటలు సుమారు -27 దగ్గర ఉండేట్టు మళ్ళీ మిక్స్ చేయించండి. చిన్న గదిలో, చిన్న స్పీకర్లతో చేసినా సరే, మాటకూ బరాత్‌కూ మధ్య ఉన్న తేడా తగ్గించకండి.

డిస్కు ఎక్స్‌ఎఫ్‌ఏటీలో ఫార్మాట్ చేస్తే చాలా సర్వర్లు చదవవు. లినక్స్ ఈఎక్స్‌టీ3, ఐనోడ్ సైజు 128, ఎంబీఆర్ పార్టిషన్. డీసీపీ-ఓ-మేటిక్‌తో పాటే డిస్కు రాసే పనిముట్టు ఉంటుంది, అదే ఇవన్నీ చూసుకుంటుంది. తయారైన తర్వాత లోపలి ఫైళ్ళ పేర్లు మార్చవద్దు, మ్యాక్‌లో పెట్టి తెరవవద్దు. పేరు మారితే వివరాల ఫైల్లో రాసిన దానికీ దీనికీ పొత్తు కుదరక సర్వర్ తీసుకోదు.

నల్గొండలోనో మిర్యాలగూడలోనో ఉదయం ఆటకు ముందు హాలు అడిగి ఒక్కసారి పూర్తిగా నడిపించి చూడండి. ముందే ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్న: "మీ సర్వర్ బయటి డీసీపీ తీసుకుంటుందా?" ఈ-సినిమా వ్యవస్థలున్న హాళ్ళు (డీసీపీ కాకుండా తమ సొంత రకం ఫైళ్ళతో నడిచేవి) తీసుకోవు. తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, వేయవద్దు. షార్ట్‌కు అనవసరం. కీ తేదీ తప్పితే షో ఆగిపోతుంది.

సూర్యాపేట_సబ్

సబ్‌టైటిల్ మీద నాలుగు మాటలు కాదు, ఎక్కువే రాస్తాను. మొదటి వడపోత చేసేవాళ్ళు ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకొని రోజూ గుట్టలుగా సినిమాలు చూస్తుంటారు. వాళ్ళకు తెలుగు రాదు. వాళ్ళకు మీ తాత మాట్లాడేది సబ్‌టైటిల్‌లోనే.

కొలతలు: గీతకు 42 అక్షరాల లోపు, రెండు గీతలే. ఒక సెకనుకు తక్కువ ఉండకూడదు, ఆరేడు సెకన్లు దాటకూడదు. సెకనుకు 15 నుంచి 17 అక్షరాల వేగం. రెండు సబ్‌టైటిళ్ళ మధ్య కనీసం రెండు ఫ్రేములు ఖాళీ, లేకపోతే అక్షరాలు మారినట్టు కంటికి తెలియదు. షాట్ మారే చోట సబ్‌టైటిల్ కూడా తెగాలి. తెల్ల అక్షరం, సన్నని నల్ల అంచు. పసుపు వద్దు. ఎండలో తీసిన గడ్డి, మట్టి షాట్లున్నాయి కాబట్టి అంచు లేకపోతే తెల్లలో తెల్ల కలిసిపోతుంది. 24 ఫ్రేములకు మార్చిన తర్వాతే సబ్‌టైటిల్ టైమింగ్ చేయండి. ముందు చేస్తే చివరికొచ్చేసరికి 45 సెకన్ల తేడా పడుతుంది.

ఇక యాస. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకు ఇచ్చి వదిలేయకండి, మన మాట తెలిసినవాళ్ళు పక్కన కూచోవాలి. మనకు "అవ్వ" అంటే తల్లి. వేరే ప్రాంతం మనిషి అనువదిస్తే అది నానమ్మ అయిపోతుంది, కథలో ఇంకో మనిషి పుట్టుకొస్తుంది. "బిడ్డా" అన్న ప్రతిచోటా కూతురు అని పెడితే, తాత మనుమరాలిని, పక్కింటి పిల్లను, చివరికి మేకపిల్లను కూడా కూతురనే పిలిచినట్టుంటుంది. "నిరుడు" అంటే పోయిన ఏడాది. దాన్ని "అప్పట్లో" అని తేల్చేస్తే వలస ఎప్పుడు మొదలైందో చూసేవాళ్ళకు అందదు.

వలస కథ అన్నారు కాబట్టి ఒకటి దగ్గరగా చూడండి. ఇల్లు దాటేటప్పుడు మనం "పోయొస్త" అంటాం, "పోత" అనం. అనకూడదు కూడా. సినిమాలో ఎవరైనా "పోత" అని మాత్రమే అని గడప దాటితే మన ప్రేక్షకుడి గుండె గుభేలుమంటుంది. ఇంగ్లిష్‌లో రెండిటికీ "బై" అని పెట్టేస్తే ఆ దెబ్బ పోయింది. మొదట్లో వచ్చే ప్రతి "పోయొస్త"కూ "ఐ విల్ బి బ్యాక్" అనే అర్థం ఒకే రకంగా పెట్టుకుంటూ రండి, మూడుసార్లు వస్తే మూడుసార్లూ అదే. అప్పుడు ఆఖర్న "ఐయామ్ గోయింగ్" అని మాత్రమే వస్తే తెలుగు రానివాడికి కూడా ఏదో మారిందని తగులుతుంది. మొత్తం సబ్‌టైటిల్ పనిలో ఇట్లాంటివి రెండో మూడో ఉంటాయి. మిగతా చోట్ల తగ్గించినా ఫర్వాలేదు, వీటి దగ్గర మాత్రం ఓపిక పట్టాలి.

ఒగ్గు పాటకు ప్రతి గీతా అనువదించవద్దు. మల్లన్న కథలోని పేర్లన్నీ ఒకేసారి మీద పడితే చూసేవాడు పాట వినడం మానేసి చదవడంలో పడతాడు. కథకు ముడిపడిన నాలుగు గీతలు చాలు, డోలు సాగేచోట తెర ఖాళీగా ఉంచండి. గోడ మీద రాతలు, బస్సు బోర్డు కథకు అవసరమైతే వాటికీ సబ్‌టైటిల్ కావాలి. మాట మీద పడకుండా చూసుకోండి.

సబ్‌టైటిల్ బొమ్మలో కాల్చకుండా విడి ఫైల్‌గా ఉంచిన కాపీ ఒకటి తప్పకుండా దాచుకోండి. ఫ్రాన్స్‌లో ఎంపికైతే ఫ్రెంచ్ కూడా వేస్తారు. అప్పుడు ఇంగ్లిష్ కాలిపోయిన ప్రింట్ మీద రెండో భాష ఇరుకున పడుతుంది.

దేవరకొండ_ఫ్రేమ్

అక్కా, ఆఖరి సీన్ల నిజంగనే "పోత" అనే మాట ఉన్నది. దాని సబ్‌టైటిల్ గురించి నేను ఆలోచించనే లేదు. పెద్ద సాయం.

ఇంకో అనుమానం. పాప వయసు పది, మేకలు నిజమైనయే, డీజే పాట పెద్ద సినిమాది. ఇవి అడ్డమొస్తయా?

వనపర్తి_కాగితాలు

డీజే పాట అడ్డమొస్తుంది. ఎంట్రీ ఫారంలోనే "అన్ని హక్కులూ నావే" అని సంతకం పెట్టిస్తారు. ఆ పాటకు రికార్డింగ్ హక్కు ఆడియో కంపెనీది, రాతకు బాణీకి హక్కు వేరే. రెండూ కావాలి. వెనకాల చిన్నగా వినపడినా, పది సెకన్లే అయినా అంతే. కొన్ని సెకన్ల లోపైతే ఫర్వాలేదన్న మాట చట్టంలో లేదు. సులువైన దారి: బరాత్‌లో పెదాలు కదిలే షాట్లు లేకపోతే పాట తీసేసి, ఊరి డప్పు దళంతోనో బ్యాండు వాళ్ళతోనో సొంతంగా రెండు నిమిషాలు రికార్డు చేసి వేయండి. సినిమా బాణీ వాయించవద్దు, అది మళ్ళీ అదే గొడవ. డ్యాన్స్ అడుగులు పాత పాట తాళానికి పడుంటాయి కాబట్టి ఆ వేగం కొలిచి, అదే వేగంలో కొట్టించండి.

ఒగ్గు కథ పరంపరగా వచ్చిందే, కథకు హక్కుదారు లేరు. కాని పాడిన కళాకారుల గొంతుకు, వాయిద్యానికి వాళ్ళ హక్కు ఉంటుంది. ఒక్క పేజీ తెలుగులో రాసుకోండి: ఏ సినిమా, ఎంత సేపు, ఫెస్టివల్స్‌తో పాటు టీవీ, ఓటీటీ, ఇంటర్నెట్ అన్నిటికీ అనుమతి, ఎంత ఇచ్చారు, పేరు టైటిల్స్‌లో ఎట్లా పడాలి. చదివి వినిపించి సంతకం తీసుకోండి. "ఫెస్టివల్ కోసం మాత్రమే" అని రాయించుకుంటే రేపు ఎవరైనా కొంటామన్నప్పుడు మళ్ళీ ఊరు తిరగాలి.

పాప విషయం. 14 ఏండ్ల లోపు పిల్లలను నటింపజేయడానికి జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారి అనుమతి ముందే కావాలి. రోజుకు ఐదు గంటలకు మించరాదు, విరామం లేకుండా మూడు గంటలకు మించరాదు. పారితోషికంలో కనీసం 20 శాతం పాప పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఫెస్టివల్స్ ఈ కాగితం అన్నిసార్లూ అడగవు. అయినా పిల్ల హక్కు అది, అడిగినా అడగకపోయినా డిపాజిట్ చేయండి. తల్లిదండ్రుల రాతపూర్వక ఒప్పుదల తప్పనిసరి.

మేకలకు జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందు తీసుకోవాల్సింది. విదేశీ ఫెస్టివల్‌కు అది ఆటంకం కాదు, సెన్సార్‌కు పోయినప్పుడు అడుగుతారు. షూటింగ్ రోజుల మేకింగ్ వీడియోలు, మంద యజమాని రాసిచ్చిన కాగితం, పశువైద్యుడి సర్టిఫికెట్ ఉంటే ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. బోర్డుకు రాసుకునేటప్పుడు అవే ఆధారం.

సెన్సార్ లేకుండానే ఇండియాలో ఫెస్టివల్స్‌లో ఆడొచ్చు. ఎంపికైన సినిమాలకు సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకునేది ఫెస్టివల్ వాళ్ళే. కాబట్టి 25 వేలు ముందే సెన్సార్ మీద పెట్టకండి.

మూసీ_గట్టు

వనపర్తి అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుత. జాతీయ అవార్డులకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలె, అది కూడ ఆ ఏడు జనవరి 1 నుంచి డిసెంబరు 31 నడుమ వచ్చింది ఉండాలె. డిసెంబరు ఆఖరి వారంల తీసుకుంటే ఆ ఏడు లెక్కల పడతది, వారం ఆగితే వచ్చే ఏడుకు పోతది. అందుకే సెన్సార్ మొత్తానికే వద్దని కాదు, తారీఖు చూసుకొని చేయించాలె. ముందు ఫెస్టివల్ చక్కర్ నడవనీ.

ఇగ ఆ మెయిళ్ళు. డిస్కౌంట్ ఇచ్చి పిలిచే పండుగ దాదాపుగ పండుగ కాదు. గుర్తుపట్టుడు అల్కనే. ప్రతి నెలా అవార్డులుంటయి. విభాగాలు యాభై, వంద. పోయినసారి సినిమాలు ఏ హాల్ల, ఏ తారీఖు, ఎన్ని గంటలకు ఆడినయో పట్టిక ఉండదు. జ్యూరీ పేర్లుండయి, ఉన్నా వాళ్ళు ఏం సినిమా చేసిండ్రో దొరకదు. గెలిచినంక ట్రోఫీకి, సర్టిఫికెట్ ప్రింటుకు వేరే పైసలు. పోస్టర్ మీద ఆకుల దండ గుర్తులు ఇరవై ఉంటే ఫెస్టివల్‌కు సినిమాలు ఎంచే ప్రోగ్రామర్ మురిసిపోడు, "ఈ సినిమా ఎక్కడెక్కడనో తిరిగింది" అనుకుంటడు. అట్ల పెట్టే ఒక్కో పదిహేను వందలు సబ్‌టైటిల్ మీద పెట్టు.

పైసలు ఇట్ల పంచుకుంటే బాగుంటది: సౌండ్ మళ్ళ మిక్స్, డప్పు రికార్డింగ్ కలిపి పది వేలు, సబ్‌టైటిల్ చూసెటోళ్ళకు ఐదు వేలు, డిస్కు, హాల్ టెస్టుకు ఐదు, మిగిలిన ఐదు ఫీజులకు. పెద్ద పండుగలల్ల కొన్ని ఫీజే తీసుకోవు. తీసుకునే చోట గడువు దగ్గర పడే కొద్ది పెరుగుతది, మొదటి గడువులనే పంపు. ఫీజు డాలర్లల్ల కట్టాలె కాబట్టి కార్డుకు విదేశీ చెల్లింపు బ్యాంకుల తెరిపించుకో, రూపాయల మార్పిడి మీద బ్యాంకు తీసుకునే చార్జీ కూడ లెక్కల పెట్టుకో.

ఫెస్టివల్ వాళ్ళు సినిమా చూసెతందుకు ఇచ్చే వీమియో లింకుకు పాస్‌వర్డ్ పెట్టినంక ఫలితం వచ్చేదాక మార్చకు. మంచి మిక్స్ వచ్చిందంటే అదే లింక్ మీద ఫైల్ మార్చు, లింక్ మారొద్దు. పాస్‌వర్డ్ మార్చి మర్చిపోతే సినిమా తెరుచుకోదు, వాళ్ళు నీకు ఫోన్ చెయ్యరు, పక్కన పెట్టి ఇంకో సినిమా పెట్టుకుంటరు.

సూర్యాపేట_సబ్

నిడివి గురించి నా మాట వేరు. 15కు కోయాలా వద్దా అని కాన్ కోసం చూడకండి. కాని షార్ట్ ఫిల్మ్‌లు ఆడించేది 80, 90 నిమిషాల కట్టలుగా, కట్టకు ఐదారు సినిమాలు. 19 నిమిషాల సినిమా పెడితే ఇంకో చిన్న సినిమా పోవాలి. అంత చోటు అడిగే సినిమా అందుకు తగ్గట్టు ఉండాలి. చివర పేర్లు ఎంత సేపున్నాయి? మొదట్లో బ్యానర్ లోగోలు, థాంక్స్ కార్డులు ఎన్ని?

దేవరకొండ_ఫ్రేమ్

పేర్లు ఒక నిమిషం 50 సెకన్లు. మొదట్ల లోగోలు, కృతజ్ఞతలు కలిపి 40 సెకన్లు.

సూర్యాపేట_సబ్

రెండున్నర నిమిషాలు అక్కడే ఉన్నాయి. కృతజ్ఞతలు చివరికి పోవాలి, మొదటి షాట్ మొదటి ఐదు సెకన్లలో రావాలి. చివరి పేర్లు 45 సెకన్లకు తెచ్చుకోవచ్చు, ఊరోళ్ళ పేర్లు తీసేయకుండానే. పైకి పాకే పేర్లకు బదులు నిలిచి మారే కార్డులు పెట్టి, ఒక్కో కార్డు మీద పన్నెండు పేర్లు రెండు వరుసల్లో వేయండి. పైకి పాకేవి 24 ఫ్రేముల్లో వణుకుతాయి కూడా. ఇంతటితో సినిమా 17 నిమిషాల దగ్గరికొస్తుంది, కథలో ఒక్క షాట్ పోకుండా.

మూసీ_గట్టు

అక్క మాటే కరెక్టు, కోత అక్కడ పెట్టుకో.

అవార్డు వస్తే అనే మాట కూడ ఇప్పుడే. పెద్ద ఫెస్టివల్‌ల అధికార జ్యూరీ ఒకటి, దానికి సంబంధం లేకుండ విమర్శకుల ఫిప్రెస్సీ జ్యూరీ, ఆసియా సినిమాకు నెట్‌ప్యాక్ జ్యూరీ వేరే ఉంటయి. స్పెషల్ మెన్షన్ అంటే మామూలుగ పైసలుండయి, పేరు మాత్రం నిలుస్తది. పైసలున్నచోట ఎవరికి పోతయనేది నిబంధనలల్ల రాసి ఉంటది, కొన్ని దర్శకుడికి, కొన్ని ఇద్దరికి సగం సగం. నువ్వు, పైసలు పెట్టినోళ్ళు ఎంట్రీ పంపకముందే ఒక కాగితం మీద పంపకం రాసుకోండ్రి. ఎంట్రీ ఫారంల నిర్మాతగ ఎవరి పేరు ఉంటే ఫెస్టివల్‌కు ఆయననే నిర్మాత.

దేవరకొండ_ఫ్రేమ్

సమజైంది అన్నా. డీజే పాట తీసేసి మా ఊరి డప్పులోళ్ళను పిలుస్తున్న. టైటిల్స్ కార్డులు చేస్తున్న. పాప పేరు మీద డిపాజిట్ ఈ వారంలనే.

పాలమూరు అన్నా, ఆఖరిది. 25 ఫ్రేములల్లనే డీసీపీ చేస్తే నెమ్మదించే పనే ఉండదు కదా? సాఫ్ట్‌వేర్‌ల ఆ ఆప్షన్ కనపడ్డది.

పాలమూరు_టైమ్‌లైన్

అవుతుంది, ఎస్‌ఎమ్‌పీటీఈ అనే కొత్త రకం డీసీపీలో 25 ఒప్పుకుంటారు. పాత సర్వర్లు కొన్ని తీసుకోవు, తీసుకున్నా శబ్దం జారొచ్చు. పోటీలో మీ సినిమా ఐదు సినిమాల కట్టలో ఒకటి, మిగతా నాలుగూ 24లో ఉంటాయి. మీ ఒక్కదాని కోసం ఎవరూ సెట్టింగ్ మార్చరు. 24లోనే చేయండి. డప్పులు రికార్డు చేయించేటప్పుడు కూడా ఆ సీన్‌ను 24కు మార్చి, ఆ బొమ్మను ముందర పెట్టి కొట్టించండి, లేకపోతే అడుగు ఒకచోట దెబ్బ ఒకచోట పడుతుంది.